ఎఱుగక చేసిన హింస

చంపవలెనను తలంపు లేనివానికి హింసాదోషము అంటునా? అహింసను గూర్చి ఆలోచించు ప్రతివానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురగును. సంకల్పమే కర్మకు మూలము గనుక, సంకల్పము లేనిచోట దోషము లేదని పలువురు తృప్తిపడుదురు. ఈ సమాధానము ఎంతవఱకు నిలుచునో ఒక పక్షి చరిత్రమును బట్టి పరిశీలింపవచ్చును.

అమెరికా పశ్చిమభాగమున కాలిఫోర్నియా కాండర్ అను పెద్ద రాబందు కలదు. దాని ఱెక్కలు చాచినచో సుమారు 3 మీటర్ల వెడల్పుండును. 1982 నాటికి లోకమంతటను ఈ జాతి పక్షులు 22 మాత్రమే మిగిలినవి. 1987లో అడవిలోని చివరి పక్షిని కూడ పట్టి, సంరక్షణలో సంతతిని వృద్ధిచేసి, 1992 నుండి మరల కొండలలో విడువసాగిరి. నేడు వాని సంఖ్య 500 దాటినది. మానవుని ఓర్పునకు ఇది యొక నిదర్శనము.

కాని విడిచిన పక్షులు దక్షిణ కాలిఫోర్నియా కొండగుహలలో పిల్లలను పెంచసాగిన పిమ్మట, ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో, ఆ పిల్లలు కృశించి మరణింపజొచ్చినవి. వాని కడుపులలో సీసామూతలు, గాజుపెంకులు, తీగముక్కలు, ప్లాస్టిక్కు తునకలు కానవచ్చినవి. వానిని తెచ్చి తినిపించినవి తల్లిదండ్రులే. ఎదుగు పిల్లకు కాల్షియము కావలెను. అందుకై అవి ఎముకముక్కలను ఏరి తెచ్చుననియు, మెఱయుచున్న చిన్న చెత్తను చూచి ఎముక యని భ్రమపడుననియు పరిశోధకుల ఊహ. ఆ తునకలు అరగవు, సులభముగ వెలికి రావు. కడుపు నిండియుండగనే పిల్ల ఆకలితో చచ్చును. కాండర్ జంట ఒక పర్యాయమునకు ఒక్క గ్రుడ్డే పెట్టును. సాధారణముగ రెండేండ్లకొక పిల్లను మాత్రమే పెంచును. ఒక సీసామూత రెండేండ్ల సంతానమును హరింపగలదన్నమాట.

ఈ మరణమునకు కర్త ఎవరు? తినిపించిన తల్లియా? దానికున్నది వాత్సల్యము మాత్రమే. కొండదారిలో నిలిచి, దాహము తీర్చుకొని, మూత విసరి వెడలిపోయిన బాటసారియా? అతడు ఆ పక్షిని చూడనైన లేదు. వేటగాని తూటాలోని సీసము వలన పెద్ద పక్షులు మరణించునప్పుడు, ఆయుధము పట్టిన చేయి ఒకటి కలదు. ఇచట ఆయుధము లేదు, ద్వేషము లేదు. మరణము మాత్రము కలదు.

మన ధర్మశాస్త్రములు ఇట్టి స్థితిని మఱచినవి కావు. మనుస్మృతి మూడవ అధ్యాయమున గృహస్థుని యింట ఐదు హింసాస్థానములు చెప్పబడినవి: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. వీనివద్ద గృహస్థుడు ఎఱుగకయే సూక్ష్మప్రాణులను చంపుచుండును. శాస్త్రము అతనిని నిర్దోషి యని విడువలేదు. హంతకుడని నిందింపను లేదు. ప్రతిదినము పంచమహాయజ్ఞములచే ఆ ఋణము తీర్చుకొమ్మన్నది. అందు ఒకటి భూతయజ్ఞము: కాకి మొదలగు ప్రాణులకై గడప వెలుపల అన్నముంచుట. అనగా సంకల్పము లేకుండుట దోషమును తగ్గించునే కాని, బంధమును త్రెంపదు.

పొయ్యికిని సీసామూతకును ఒక భేదము కలదు. పొయ్యి లేక బ్రతుకు గడవదు; మూతను విసరకున్నచో ఎవనికిని లోటు లేదు. తప్పింపరాని హింసకే ప్రాయశ్చిత్తము విధించిన ధర్మము, తప్పింపదగిన హింసను ఉపేక్షించునా? తెలిసికొనుటకు వీలుండియు తెలిసికొనకుండుట అజ్ఞానము కాదు, అలక్ష్యము.

మన దేశమున ఒకప్పుడు విస్తరాకు, మట్టిముంత వెలుపల పారవేసినను భూమి వానిని తనలో కలుపుకొనెడిది. వస్తువు మాఱినది, చేతి అలవాటు మాఱలేదు. ఒక్కసారి వాడి పారవేయు కొన్ని ప్లాస్టిక్కు వస్తువులను 2022 జూలై 1 నుండి భారతప్రభుత్వము నిషేధించినది. చట్టము వస్తువును ఆపగలదు. ఏమఱుపాటును ఆపవలసినది మనస్సే. గడప వెలుపల మన చేతినుండి జారినదెల్ల ఏదో ఒక ప్రాణికి ఆహారముగ తోచును. మనము ఉంచిన బలి ఏదో, విసరిన చెత్త ఏదో పక్షికి తెలియదు.

కాలిఫోర్నియాలో నేడు కొందఱు త్రాళ్లు పట్టుకొని ఆ గుహలకెక్కి గూళ్లలోని తునకలను తొలగించుచున్నారు. చెత్త మ్రింగిన పిల్లలలో కొన్నిటిని వైద్యులు శస్త్రచికిత్సచే బ్రతికించిరి. మఱికొందఱు కొండదారుల వెంట వంగి చిన్న ముక్కలను ఏరుచున్నారు. ఆ ముక్కలను పారవేసినవారు వారు కారు. ఎవరిదో ఋణమును తమదిగ తీర్చుచున్న ఆ పనికి భూతయజ్ఞమను పేరు తగును. ఇతరులు విసరినదానిని ఏరుటకు అందఱికిని అవకాశముండదు. తన చేతిలోని మూతను తగిన చోటు దొరకువఱకు సంచిలో నుంచుకొనుట మాత్రము ఎవనికైనను సాధ్యమే. అహింసావ్రతము అంత చిన్న పనితోనే ఆరంభమగును.