పూర్తిగా పడని తలుపు

(చదువవలసిన భాగములు: ఆమోసు 7:7, 8, మత్తయి 5:23, 24)



తలుపు సరిగా పడకపోవుట మన సముద్రతీర గ్రామములలో ఎవరికిని క్రొత్త సంగతి కాదు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్యపు వానలు కురియు దినములలో కొయ్య తేమను త్రాగి ఉబ్బును. వేసవిలో ఒక్క వ్రేలితో తిరిగిన తలుపు అప్పుడు ద్వారబంధమును ఒరసికొని మధ్యలో నిలిచిపోవును. తొందరపడువాడు వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించును. ఏప్రిల్ వచ్చుసరికి ఆ కొయ్య ఎండి ముడుచుకొని, తేలు దూరునంత సందు ఏర్పడును. తెలిసిన వడ్రంగి మాత్రము, "వానలు పోనీయండి, అప్పుడు చూద్దాం" అనును. కొన్ని లోపములు కాలముతో వచ్చి కాలముతో పోవునవి. వాటికి ఓర్పే మందు.

ఇనుప తలుపు సంగతి వేరు. అది వంగినయెడల వంగియే యుండును. దాని అడుగున నీరు పోవుటకు చిన్న రంధ్రములుండును. మన ఇసుక వాటిని పూడ్చినయెడల నీరు లోపలనే నిలిచి, ఉప్పుగాలికి త్రుప్పు లోపలి నుండి తినుకొని వచ్చును. పైన రంగు మెరయుచునే యుండును. ఇట్టి లోపమునకు ఓర్పు మందు కాదు. మరి ఏది మందు? ఈ ప్రశ్నకు జవాబును నేను సిగ్గుతో నేర్చుకొంటిని. ఆ సంగతి మీకు చెప్పవలెనని ఈ మాటలు వ్రాయుచున్నాను.

కొన్నేండ్ల క్రిందట మా సంఘమువారు చందాలెత్తి నా పరిచర్యకు ఒక పాత కారు కొనియిచ్చిరి. కావలి నుండి జువ్వలదిన్నె, ఇస్కపల్లి, రామాయపట్నము వైపు గ్రామములకు దానిలోనే తిరిగితిమి. నడుపుటకు సంఘములోని ఒక పడుచువానిని పెట్టుకొంటిమి. అతడు తండ్రి లేనివాడు. అతని జీతముమీదనే తల్లియు చెల్లెలును బ్రదుకుచుండిరి.

ఒకనాడు డ్రైవరు ప్రక్క తలుపు సరిగా పడుటలేదని చూచితిని. దాని వెనుక అంచు కొంచెము క్రిందికి జారి, కారు బాడీకి సమముగా నిలువక బైటికి పొడుచుకొని యుండెను. ఆదివారపు ఆరాధన ముగిసి పెద్దలందరు మందిరము ముందర నిలిచియుండగా నేను ఆ పడుచువానిని పిలిచి, "తలుపును విసరి విసరి కొట్టుటచేతనే ఇట్లయినది. సంఘపు సొమ్మనిన నీకు లెక్కలేదు" అని కఠినముగా పలికితిని. అతడు, "నేనెప్పుడూ గట్టిగా కొట్టలా అయ్యగారూ" అని మాత్రము అని, తల వంచుకొని ఊరకుండెను. ఆ మౌనమును నేను అపరాధమునకు ఒప్పుకోలుగా ఎంచితిని.

తరువాత మేము చేసిన పని, అందరును చేయునదే. మొదట బలము చూపితిమి. మెల్లగా వేసిన పడని తలుపు, గట్టిగా కొట్టిన పడుచుండెను. కొట్టిన కొలది మరింత గట్టిగా కొట్టవలసి వచ్చెను. పిమ్మట దారిప్రక్కనున్న ఒకనిచేత కొక్కెమును జరిపించితిని. కొక్కెమనగా తలుపు తాళము వచ్చి పట్టుకొను ఇనుప కడ్డీ. అది కారు స్తంభమునకు మరలతో బిగింపబడియుండును. తలుపు క్రిందికి జారినది గనుక కొక్కెమును క్రిందికి దించి, తలుపు బైటికి వచ్చినది గనుక కొక్కెమును బైటికి లాగెను. పది నిమిషముల పని. తలుపు పడెను. నేను సంతోషించితిని.

కారు తలుపు తాళమునకు రెండు మెట్లు కలవు. మొదటి మెట్టున ఒకసారి శబ్దమై తలుపు నిలుచును. చూచువారికి మూయబడినట్లే యుండును. రెండవ మెట్టున మరల శబ్దమై గట్టిగా బిగియును. ఆ రెండవ శబ్దము రాని తలుపును నమ్మరాదు. 1950లలో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు అనేక ప్రమాదములను పరిశీలించి, తలుపు తెరచుకొని బైటికి విసిరివేయబడినవారికి, లోపల నిలిచినవారికంటె ప్రాణాపాయము చాల ఎక్కువని చూపిరి. ఆ దేశపు కంపెనీలు 1956వ సంవత్సరపు కార్లకు మరింత గట్టి తాళములు పెట్టుటకు ఆ పరిశోధన ఒక కారణము. సగము పడిన తలుపు, పడని తలుపుకంటె అపాయకరమైనది. పడని తలుపును చూచి మనము జాగ్రత్తపడుదుము; సగము పడినదానిని నమ్మి ఆనుకొందుము.

ఒక రాత్రి జువ్వలదిన్నెలో ప్రార్థన కూటము ముగించుకొని ఆరుగురము తిరిగి వచ్చుచుంటిమి. ఒక మలుపులో కారు ఎడమకు తిరుగగానే కుడిప్రక్క తలుపు ఒక్కసారి తెరచుకొనెను. ఆ పడుచువాడు బైటికి ఒరిగెను. ఒక చేత స్టీరింగు విడువక, రెండవ చేత స్తంభమును పట్టుకొని, ఎట్లో కారు నిలిపెను. అందరమును బ్రదికితిమి. అతడు క్రిందికి దిగి, తన పైతువాలును తలుపునకును సీటునకును ముడివేసి, ఏమియు మాటాడక మరల నడిపెను. నేను ఎవనిని నిందించితినో వాని చేతనే దేవుడు మమ్మును కాపాడెను.

మరునాడు కావలిలో ఒక వృద్ధుడైన టింకరింగ్ మేస్త్రీ యొద్దకు వెళ్లితిని. అతడు తలుపును కొట్టలేదు, నెట్టలేదు. మొట్టమొదట మరలు విప్పి కొక్కెమును తీసి ప్రక్కన పెట్టెను. "తాళము పట్టుకొనుదానినే తీసివేసితిరేమి?" అని అడిగితిని. అందుకాయన, "ఇదుంటే తలుపు అబద్ధం చెబుతుంది అయ్యగారూ. తీసేస్తే అది ఎట్టా వేలాడతుందో అట్టానే కనబడతది" అనెను.

పిమ్మట తలుపును జానెడు తెరచి, చివర అడుగున చేయి పెట్టి మెల్లగా పైకెత్తి చూచెను. బందులలోని సీలలు అరిగియున్న తలుపు పైకి లేచి క్రిందికి పడును, ఇది లేవలేదు. అరుగుదల కాదు, వంపు అని ఆయన చెప్పెను. ఒక కాగితపు ముక్కను రబ్బరు అంచున అక్కడక్కడ పెట్టి తలుపు దగ్గరగా నొక్కి, కాగితమును లాగి చూచెను. ఎక్కడ బిగువుగా వచ్చినదో, ఎక్కడ ఊరక జారినదో గుర్తు పెట్టుకొనెను. కడకు నేలమీద కూర్చుండి క్రింది బందును చూపి, "ఈ తలుపు మూసేటప్పుడు చెడలా, తెరిచినప్పుడు చెడింది. ఎవరో తలుపు తెరిచి పెట్టుకొని కారు వెనక్కి తీశారు. దేనికో తగిలి ముందుకు విరిగింది" అనెను.

ఆ మాట విని నేను నిలువున నీరైతిని. ఒక మధ్యాహ్నము ఆ పడుచువాడు లేనప్పుడు, నేనే తలుపు తెరచి తల బైటపెట్టి చూచుకొనుచు మా ప్రహరీలో నుండి కారు వెనుకకు తీసితిని. తలుపు గేటు ప్రక్క రాతికూసమునకు తగిలెను. 'కొంచెమే గదా' అనుకొని, కూసముమీద అంటిన రంగును చేతితో తుడిచి లోపలికి పోతిని. ఆ సంగతి మరచితినని చెప్పుదునా? మరచుటకు ఇష్టపడితిని అనుటయే నిజము.

చదువరులారా, ఇక్కడ మనము విచారింపవలసిన ప్రశ్న ఒకటి కలదు. కలియవలసిన రెండు కలియనప్పుడు దేనిని కదల్పవలెను? తలుపును సరిచేయవలెనా, కొక్కెమును జరుపవలెనా? కొక్కెమును జరుపుట సులువు. మన తూకము సరిగా లేనియెడల 'అంగడిలో అందరిదియు అంతే' అందుము. అప్పు తీర్చనియెడల 'వానికేమి, కలవాడు' అందుము. జారినది మనము, దించినది కొలత. ఆమోసు చూచిన దర్శనములో ప్రభువు మట్టపుగుండు చేతపట్టుకొని గోడయొద్ద నిలిచియుండెను. గోడ వంకరయని ఎవడును గుండుదారమును వంచడు.

అయితే కొక్కెమే తప్పుగా నుండు సమయములు లేవా? ఉన్నవి. పెద్దలు పెట్టిన కట్టుబాటు న్యాయము కాకపోవచ్చును. ఇంటి యజమానుని కోరిక మితిమీరినది కావచ్చును. అట్టిదానిని జరుపుట తప్పు కాదు. ఆ మేస్త్రీయు కడపట కొక్కెమును మరల బిగించి వెంట్రుకవాసి జరిపెను. కాని మొదట బందు, కడపట కొక్కెము. ఈ వరుస తప్పినయెడల మన లోపమునకు తగినట్లు ఎదుటివానిని వంచి, దానికి సమాధానమని పేరు పెట్టుదుము.

బందును సరిచేయుట నా విషయములో ఏమై యుండెను? బలిపీఠమునొద్దకు అర్పణము తెచ్చినవాడు, తనమీద సహోదరునికి ఏమైనను కలదని జ్ఞాపకము వచ్చినయెడల, మొదట వెళ్లి సమాధానపడవలెనని ప్రభువు బోధించెను. నేను పదిమంది యెదుట నిందించితిని గనుక చాటున క్షమాపణ చెప్పుట చాలదని నాకు తోచెను. మరుసటి ఆదివారము మందిరము ముందర అదే చోట, ఆ పెద్దల యెదుట, తప్పు నాదని చెప్పి అతనిని క్షమాపణ అడిగితిని. కాపరి అంతగా తగ్గరాదని తరువాత ఒకరిద్దరు పెద్దలు అనిరి.

ఆ పడుచువాడు కన్నులెత్తి, "ఆ కూసం మీద రంగు నేను ఆరోజే చూశా అయ్యగారూ. మీకెట్టా చెప్పేది?" అనెను.

తలుపు వంగుటకంటె ఈ మాట నన్ను ఎక్కువగా గాయపరచెను. నిజము అతని నోటిలో నుండెను; నా యెదుట అది బైటికి రాలేకపోయెను. జీతమిచ్చువాని యెదుట, పెద్దల యెదుట, భర్త యెదుట, అధికారి యెదుట ఇట్లు మ్రింగివేయబడిన నిజములు ఎన్ని యుండునో! ఎదుటివాడు ఊరకున్నాడు గనుక నేను సరిగా నున్నానని ఎవడును అనుకొనకుండునుగాక.

ఇప్పుడా తలుపు రెండు వ్రేళ్లతో వేసిన చాలును. రెండు శబ్దములును వచ్చును. అయినను క్రింది మూలను సన్నని సందు మిగిలియున్నది. "ఒకసారి సాగిన రేకు మొత్తం వెనక్కి రాదు. తాళం మాత్రం గట్టిగా పడతది, భయం లేదు" అని మేస్త్రీ ముందే చెప్పెను. ఆ పడుచువాడు ఇప్పుడు కృష్ణపట్నము రేవునకు లారీ నడుపుచున్నాడు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూచి పోవును. ఇద్దరమును కలిసి కాఫీ త్రాగుదుము. మా నడుమను ఆ సన్నని సందు వంటిది ఒకటి యున్నదని నేనెరుగుదును. దానిని రంగు పూసి దాచుటకు నేను ప్రయత్నింపను.

మీ ఇంట, మీ సంఘములో, అన్నదమ్ముల నడుమ, అత్తాకోడండ్ర నడుమ పూర్తిగా పడని తలుపు ఏదైన కలదా? నేడు దానిని మరల ఒకసారి విసరి కొట్టకుడి. కొక్కెమును తీసి ప్రక్కన పెట్టి, మీ తలుపు తనంతట తాను ఎట్లు వేలాడుచున్నదో మొదట చూచుకొనుడి.