నాలుగు సెకన్లు

బటన్ నొక్కగానే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, తెర మీద అక్షరం పడేలోపే అంతా ఆగిపోతుంది. అలాంటి డెస్క్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లు వెంటనే ‘పోయింది’ అనేస్తారు. అది తొందరపాటని నా నమ్మకం. పూర్తిగా పోయిన యంత్రం అసలు కదలదు. కదిలి ఆగిందంటే, లోపల ఏదో ఒక భాగం తనకు అప్పజెప్పిన కాపలా పనిని సవ్యంగా చేసిందని చాలాసార్లు అర్థం.

కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ సంగతే చూడండి. కరెంటు రాగానే అది ప్రాసెసర్‌ను లేపదు. తాను ఇచ్చే 12, 5, 3.3 వోల్టులు నిలకడగా ఉన్నాయని తేలాకే మదర్‌బోర్డుకు ‘పవర్ గుడ్’ అనే సంకేతం పంపుతుంది. అది అందేదాకా ప్రాసెసర్ మొదటి ఆదేశం కూడా చదవదు. 12 వోల్టుల లైను సాధారణంగా 11.4కూ 12.6కూ మధ్యనే ఉండాలి. ఎక్కడైనా షార్టయితే సప్లై తనంతట తానే ఆగిపోతుంది. ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోయి, వేడిని లాగేసే హీట్‌సింక్ వదులైతే, ఆ చిప్పే ప్రమాదాన్ని పసిగట్టి కరెంటు తీసేయమంటుంది.

ఇలా ఆగడం యంత్రాలకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. 2001లో కంప్యూటర్ భాగాలను పరీక్షించే వెబ్‌సైట్ టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్ల మీంచి హీట్‌సింకులు తీసేసి వీడియో తీశారు. పెంటియమ్ 4 వేగం తగ్గించుకుని బతికింది. ఏఎండీ ఆథ్లాన్ సెకన్లలో పొగలు కక్కి కాలిపోయింది. ఆగడం తెలియని చిప్‌కు ఆ గతి పట్టింది. అది చూశాక, మధ్యలో ఆగిపోయే కంప్యూటర్ మీద నాకు విసుగు కంటే గౌరవమే ఎక్కువైంది. ‘ఏం పోయింది?’ అని అడిగేముందు, ‘ఎవరు ఆపమంటే ఆగింది?’ అని అడగాలనిపిస్తుంది.

తెనాలిలో మా బావకు డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లిళ్ల సీజన్, శుభలేఖల పని చేతినిండా ఉంది. సరిగ్గా అప్పుడే ఆయన కంప్యూటర్ ఆన్ కావడం, ఆగడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్లంతా తలా ఒక భాగాన్ని అనుమానించారు. ఒకరు ర్యామ్ అన్నారు. దాన్ని బయటికి తీసి, అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టారు. ఇంకొకరు ఎస్ఎంపీఎస్ అన్నారు, కొత్తది కొన్నారు. ముందురోజు కొత్త ప్రింటర్ తగిలించారు కాబట్టి దాని వల్లే అని పక్క షాపాయన తేల్చేశాడు. ఏం చేసినా అదే తీరు.

ముందు జరిగిందల్లా కారణమనుకోవడం మన మనసుకు పాత అలవాటే. మన తర్కశాస్త్ర పండితులైన నైయాయికులు దీన్ని ఎంత శ్రద్ధగా పట్టుకున్నారో! కుమ్మరికి మట్టి మోసుకొచ్చిన గాడిద కుండ కంటే ముందే అక్కడ ఉంది, అయినా అది కుండకు కారణం కాదన్నారు. ఆ మట్టి బండి మీద వచ్చినా కుండ తయారయ్యేదే. దాన్ని అన్యథాసిద్ధం అన్నారు. కారణమంటే ఏమిటో, అది ఉంటే ఇది ఉండడం, అది లేకపోతే ఇది లేకపోవడం అనే అన్వయ వ్యతిరేకాలేమిటో, తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో తన ‘తర్కసంగ్రహం’తో పిల్లలకు కూడా అందేలా చేశాడు. తర్కం నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. రిపేరు నేర్చుకునేవాళ్లకు కూడా దాన్ని చెబితే బాగుండునని నా కోరిక.

చివరికి వచ్చిన మెకానిక్ పెద్దాయన. స్క్రూడ్రైవర్ తీయకుండా చేతి గడియారం చూస్తూ కూర్చుని, కంప్యూటర్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేయించాడు. ప్రతిసారీ నాలుగు సెకన్లకే ఆగుతోంది. “వేడికి ఆగేదైతే రెండోసారి ఇంకా తొందరగా ఆగాలి కదండీ, చిప్ అప్పటికే కాగి ఉంటుంది. షార్టయితే ఇంతసేపు కూడా ఉండదు. ఇదేదో లెక్క ప్రకారం ఆగుతోంది” అన్నాడు. పవర్ బటన్‌ను నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ తప్పక ఆగిపోవాలన్నది దాని నియమం. ఆయన క్యాబినెట్ ముందు నుంచి వచ్చే పవర్ స్విచ్ వైర్లను మదర్‌బోర్డు మీంచి పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపాడు. విండోస్ వచ్చింది. అలాగే ఉంది. వైర్లు తిరిగి పెట్టి బటన్ నొక్కితే మళ్లీ నాలుగు సెకన్లు. దుమ్ము, జిడ్డు చేరి, వేలు తీశాక కూడా ఆ బటన్ వెంటనే పైకి రావడం లేదు.

అంటే ఇన్నాళ్లూ ఆ కంప్యూటర్ జబ్బుపడలేదు. ఆగమని ఎవరో నొక్కి పట్టుకుని ఉన్నారనుకుని, చెప్పినట్టు వింటోంది. లోపల ఒక్క భాగమూ తప్పు చేయలేదు. దాన్ని అర్థం చేసుకోవడానికి కావలసిన ఆధారం కూడా మొదటి నుంచీ అందరి కళ్లముందే ఉంది. ఆగిందన్న దిగులులో, ఎప్పుడు ఆగిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆయన బటన్‌ను విప్పి తుడిచి బిగించాడు. బిల్లులో రాయడానికి పార్టేమీ లేదు కాబట్టి, ఎంతో కొంత ఇవ్వమన్నాడు. పార్టు అమ్మితేనే కూలి గిట్టే పద్ధతి ఉన్నంతకాలం అక్కర్లేని పార్టులు మారుతూనే ఉంటాయి. ఏదీ మార్చనక్కర్లేదని కనిపెట్టినవాడు మాత్రం మొహమాటంతో చేయి చాపాలి. ఇది నాకు అన్యాయంగా తోచింది. కొత్త ఎస్ఎంపీఎస్‌కు పెట్టినంత ఈయనకూ ఇవ్వమని బావకు చెప్పాను. ఇచ్చాడు.