తీర్థయాత్ర - దేహరక్షణము

తీర్థయాత్రకు బయలుదేరు భక్తుని మనస్సులో ఒక సందేహము తరచుగా కలుగుచుండును. “స్వామి దర్శనమునకై పోవుచున్నపుడు ఈ దేహమును గూర్చి చింతించుట తగునా? ఆకలి, అలసట, కాలి బొబ్బ - ఇవన్నియు స్వామికి అర్పించు తపస్సే కదా! నడుమ నడుమ ఆగి, తిని, నిద్రించి, కాళ్ళకు నూనె రాచుకొనుచు పోవుట భక్తికి లోపము కాదా?” ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. దేహాభిమానమును విడువుమని పెద్దలందరు బోధించియున్నారు. అట్లని దేహమునే పాడుచేసికొనుమని వారు చెప్పిరా? ఈ రెండింటికి గల భేదమును యాత్రికుడు గడప దాటుటకు ముందే గ్రహింపవలెను.

నిజామాబాదు పట్టణమునకు పడమరగా సుమారు 25 కిలోమీటర్ల దూరమున బోధన్ ఉన్నది. మహాభారతమునందలి ఏకచక్రపురము ఇదియేనని, భీమసేనుడు బకాసురుని వధించినది ఈ ప్రాంతముననే యని ఇచ్చటి ప్రజల విశ్వాసము. ఈ కీర్తిని తమదిగా చెప్పుకొను ఊళ్ళు దేశమున మరికొన్నియు కలవు. ఊరు ఏదైనను కథ ఒక్కటియే. ఆ కథలో మన సందేహమునకు సమాధానము కలదు.

లక్కయింటి నుండి బయటపడిన పాండవులు రాత్రివేళ అడవిదారి పట్టిరి. కుంతీదేవి నడువలేకపోయెను, అన్నదమ్ములును అలసిపోయిరి. భీముడు తల్లిని భుజముపై నెక్కించుకొని, కవలలను చంక నిడుకొని, ధర్మజార్జునులను చేతులతో పట్టుకొని నడచెను. పిదప వారు ఏకచక్రపురమున ఒక బ్రాహ్మణుని యింట తలదాచుకొని, భిక్షాటనముతో కాలము గడపిరి. తెచ్చిన భిక్షను కుంతీదేవి రెండు భాగములు చేసెడిది. ఒక సగము భీమునికి. మిగిలిన సగము తనకును తక్కిన నలుగురు కుమారులకును.

అందరికి సమముగా పంచుటయే న్యాయమని పైపైన చూచువారికి తోచవచ్చును. కాని ఆ తల్లికి ఎవరి దేహము ఏ భారమును మోయవలసియున్నదో తెలియును. భీముడు తిన్నది నాలుకకై కాదు. ఆ యింటి బ్రాహ్మణ కుటుంబమునకు బకాసురుని వంతు వచ్చిన దినమున, ఆమె ఆ కుమారునే పంపెను. ధర్మరాజు మొదట కలవరపడి, మనమందరము ఎవని బాహుబలమును నమ్మి నిదురించుచున్నామో వానినే పంపితివా యని తల్లిని అడిగెను. ఆమె కుమారుని బలమెరిగియే పంపినదానను అని సమాధానము చెప్పెను. ఆ సగము భిక్షాన్నము చివరకు ఎవరికి ఉపయోగపడినది? ఒక గృహస్థుని ప్రాణమునకు, ఒక ఊరి క్షేమమునకు. దూరదేశమున దిక్కులేక తిరుగుచున్న దినములలో ఒక దేహమును బలముగా నిలుపుట ఆ ఇంటికి భోగము కాలేదు, ధర్మమైనది.

ఈ దృష్టితో నేటి యాత్రికుని పరికింతము. బోధన్ సీమ మహారాష్ట్రమును ఆనుకొని యున్నది. పండరి విఠలుని సంకీర్తనము, వారకరీ సంప్రదాయము ఈ సరిహద్దు గ్రామములకు పరిచితములే. జ్ఞానేశ్వర మహారాజు పాదుకలు ఆళంది నుండి, తుకారాం మహారాజు పాదుకలు దేహూ నుండి పల్లకీలలో బయలుదేరి, ఆషాఢ శుక్ల ఏకాదశి నాటికి పండరి చేరును. ఈ నడక దాదాపు మూడు వారములు సాగును. ఒక దినము కాదు, రెండు దినములు కాదు. ఎండలో, వానలో, బురదలో మూడు వారములు.

ఇట్టి సుదూరయాత్రలో అరువది యేండ్ల గృహస్థు ఒకడు నడచుచున్నాడనుకొందము. వెంట భార్య, కుమారుడు, కోడలు ఉన్నారు. రెండవనాడు పాదమున బొబ్బ లేచినది. “స్వామి చూచుకొనును” అని ఎవరికిని చెప్పలేదు. మూడవనాడు ఉపవాసము. ఎండలో దప్పికయైనను జపము నడుమ ఆగుట ఇష్టము లేక నీరు త్రాగలేదు. నాలుగవనాడు బొబ్బ చీము పట్టి, జ్వరము వచ్చి, దారిప్రక్కన కూలబడెను. ఇక కుమారుడు ఆసుపత్రికి పరుగెత్తును. కోడలు మూటలు మోయును. భార్య కన్నీరు పెట్టుకొనును. బృందము ముందునకు సాగిపోవును. ఆ నలుగురిలో ఒక్కరికిని ఆ యేడు దర్శనము కలుగదు. ఆయన తపస్సు చేసితిననుకొనెను. దాని మూల్యమును మాత్రము ఇతరులు చెల్లించిరి. తన కష్టమును ఇతరుల నెత్తిన పెట్టునది తపస్సు ఎట్లగును?

గీతాచార్యుడు ఈ విషయమున మిక్కిలి స్పష్టముగా పలికియున్నాడు. అతిగా తినువానికి గాని, బొత్తిగా తినని వానికి గాని, అతిగా నిద్రించువానికి గాని, అసలే నిద్రింపని వానికి గాని యోగము సిద్ధింపదని ఆరవ అధ్యాయమున చెప్పెను. పదునేడవ అధ్యాయమున మరింత తీవ్రముగా, శాస్త్రము విధింపని ఘోరతపస్సులతో దేహమును పీడించువారు ఆ దేహమునందున్న తన్ను కూడ పీడించుచున్నారని, అది ఆసుర నిశ్చయమని హెచ్చరించెను. వైష్ణవునికి ఇంతకన్న గొప్ప ప్రమాణము వేరొకటి వలయునా? దర్శింపబోవుచున్న స్వామి దారిపొడవునను తనలోనే అంతర్యామియై యుండగా, ఆయన ఉన్న కోవెలను కూలద్రోయుచు ఆయన కోవెలకు పోవుట వింత కాదా!

వ్రతములను విధించిన ధర్మశాస్త్రమునకు దేహమునందు దయ కలదు. వ్రతభంగము కలిగింపనివి ఎనిమిది యని పెద్దలు లెక్కించిరి: నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యము, ఔషధము. ఇందు మొదటిది నీరు, కడపటిది ఔషధము. ఏకాదశి నాడు నీరు త్రాగితిననియు, మందు వేసికొంటిననియు మనస్సున కుములువారు ఈ పట్టికను స్మరింపవలెను. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు ఆహారము మాని ఆ మందునే సేవించినచో, రక్తమునందలి చక్కెర ప్రమాదకరముగా పడిపోయి స్పృహ తప్పవచ్చును. అట్టివారు ఉపవాసమును, నడకను వైద్యుని అనుమతితోనే జోడింపవలెను.

ఇంక ఆచరణమెట్టిది? మహాభారతమున తీర్థయాత్రకు పూనుకొన్న ధర్మరాజునకు లోమశ మహర్షి మొట్టమొదట చేసిన ఉపదేశము “తేలికగా నుండుము” అనుటయే. తేలికగా ఉన్నవాడే స్వేచ్ఛగా సంచరింపగలడని ఆయన భావము. ధర్మరాజు అంతట ఆకలి దప్పులను, మార్గాయాసమును, చలిని ఓర్వలేనివారిని మర్యాదతో వెనుకకు పంపి, కొలది పరివారముతో కదలెను. ఈనాటి యాత్రికునకును ఇదియే మొదటి పాఠము. మూట బరువు మోకాళ్ళపై పడును. ఇంట ఎత్తిచూచినపుడు తేలికగా తోచినది పదవ మైలున బండయగును.

రెండవ పాఠమును ఈ చెరకు సీమయే చెప్పుచున్నది. మంజీరానదిపై 1931లో నిజాంసాగరము పూర్తియైన పిదప ఇచ్చటి పొలములకు నీరు వచ్చినది. 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసినది. 2015లో అది మూతపడినను, ఆ కాలపు బండ్లబారులు వృద్ధుల జ్ఞాపకములలో నిలిచియే యున్నవి. చెరకుబండి తోలిన రైతు ఎద్దులకు లాడములు కొట్టింపక దూరము కట్టడు. నడుమ నీరు పెట్టక తోలడు. కాడి ఒరసి మెడ పుండుపడినచో ఆనాడు ఆ యెద్దును విప్పివేయును. మూగజీవమునకు చేయు ఈ ఉపచారము తన కాలికి చేసికొనుట అహంకారమా? చెరకును గూర్చిన మరియొక సత్యమును ఆ రైతే ఎరుగును. కోసిన చెరకు గానుగకు ఆలస్యముగా చేరినకొలది అందలి తీపి తగ్గిపోవును. దేహశ్రమయు అట్టిదే. ఏనాటి అలసటను ఆనాడే తీర్చవలెను. ఏనాటి బొబ్బను ఆనాడే చూచుకొనవలెను. రేపటికి వాయిదా వేసినది ఎల్లుండికి రోగమగును.

పాదయాత్రకు ఒక మండలము ముందుగా అభ్యాసము ఆరంభించుట మేలు. నిజామాబాదు నుండి బాసరకు సుమారు 35 కిలోమీటర్లు. ఆ కొలది దారికైనను, నిన్నటి వరకు అరుగుపై కూర్చున్నవాడు నేడు ఒక్కుమ్మడిగా నడువరాదు. మొదట అరక్రోసు, పిదప క్రోసు, రెండు క్రోసులు - ఇట్లు క్రమముగా పెంచవలెను. యాత్రలో తొడుగబోవు చెప్పులతోనే, మోయబోవు మూటతోనే అభ్యసింపవలెను. దారిలో తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదురక ముందే మజిలీ చేరి, చల్లబడిన పిదప మరల నడువవలెను. దప్పిక ముదురు వరకు ఆగక కొంచెము కొంచెముగా నీరు పుచ్చుకొనవలెను. ఉప్పు కలిపిన మజ్జిగ, గంజి చెమటతో పోయిన సత్తువను మరల ఇచ్చును. జొన్నరొట్టె, పప్పు, పండు చాలును. దారిలోని నూనెవంటలు, నిలవ పదార్థములు వద్దు. మజిలీలో కాళ్ళు కడిగి, వ్రేళ్ళసందులు తడి లేకుండ తుడిచి, పాదములు పరిశీలింపవలెను. బొబ్బను చిదుపరాదు, శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. మధుమేహము గలవారు వట్టికాళ్ళతో నడువకుండుటయే క్షేమము. తిమ్మిరెక్కిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్న సంగతి తెలియదు.

రైలులో, బస్సులో దినముల తరబడి పోవువారు తమకిది పట్టదని తలపరాదు. గంటల కొలది కదలక కూర్చున్నచో కాళ్ళు వాచును; ఒక్కొక్కసారి నరములలో రక్తము గడ్డకట్టుటయు కలదు. గంటకొకమారు లేచి నాలుగడుగులు వేయవలెను. వీలు కానిచో కూర్చుండియే మడమలు, చీలమండలు ఆడింపవలెను. క్షేత్రము చేరిన పిదప ప్రదక్షిణము, సాష్టాంగ నమస్కారము ఉండనే యున్నవి. పెద్దలు భక్తిలోనే వ్యాయామమును ఇమిడ్చిరి.

అయితే దీనికి రెండవ అంచు కలదు. ఎచ్చట మంచి బస, ఎచ్చట మంచి భోజనము అను విచారములోనే దినము గడచినచో అది యాత్ర కాదు, విహారము. ముందుగా చేరితినని వెనుకబడినవారిని చులకన చేయు బలమును బలము కాదు. ఆ రెండు చోట్లను దేహము సేవకుడు కాక యజమాని యైనది. దేవాలయమున దీపపు కుందెను ప్రతిదినము తోముదురు. కుందెకు పూజ చేయుటకు కాదు, స్వామి యెదుట దీపము నిలుచుటకు. శేషత్వజ్ఞానము గల వైష్ణవునకు తన దేహము అట్టి కుందెయే. అది స్వామి సొత్తు. తాను కాపరి మాత్రమే.

మరి ఎంత కాపాడినను శక్తి చాలని వృద్ధుల మాట ఏమి? వారికి యాత్రాఫలము లేదా? గంధమాదనపు దారిలో ద్రౌపదీదేవి సొమ్మసిల్లి పడినపుడు నకులసహదేవులు ఆమె పాదములొత్తిరి; భీముడు తలచినంతనే ఘటోత్కచుడు వచ్చి ఆమెను మోసికొని పోయెను. మోయబడినందుకు ఆమె గౌరవము తగ్గలేదు. తిరుమంత్రార్థమునకై శ్రీరంగము నుండి తిరుక్కోష్టియూరునకు పదునెనిమిది మారులు నడచిన భగవద్రామానుజులు, వార్ధకమున శిష్యుల భుజమును ఊతగా గొని కావేరీ స్నానమునకు పోయి వచ్చెడివారని సంప్రదాయము చెప్పుచున్నది. స్నానానంతరము ధనుర్దాసుని భుజమును పట్టుకొనుటకు ఆయన సంకోచింపలేదు. శక్తి ఉన్ననాడు నడచుట, శక్తి తగ్గిననాడు సంకోచము లేక చేయూత కోరుట - రెండును వినయమే. బొబ్బను దాచుకొన్న ఆ గృహస్థు లోపించినది భక్తిలో కాదు, ఈ వినయములో. రెండవనాడే “నాయనా, కాలు నొచ్చుచున్నది, నేడు ఆగుదము” అని కుమారునితో ఒక్కమాట చెప్పియున్నచో, ఒక దినము ఆలస్యముగానైనను నలుగురును విఠలుని చూచియుందురు.

కావున యాత్రికుడు ప్రతి సాయంకాలము తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: “నేడు నా దేహము తోటివారికి ఊతయైనదా, బరువైనదా? బరువైనచో దానిని దాచితినా, చెప్పితినా?” ఇట్లు తెలిసి నడచువారికి కందకుర్తి సంగమమున గోదావరీ స్నానమైనను, బాసర యాత్రయైనను, పండరి ప్రయాణమైనను ఒక్క తీరుననే ఫలించును. శ్రీమన్నారాయణుడు యాత్రికులెల్లరకు నడచుటకు కాళ్ళలో సత్తువను, ఆగవలసినచోట ఆగుటకు వివేకమును ప్రసాదించుగాక!