పక్క బెంచీ మాట



మన దేశంలో 13 నుంచి 15 ఏళ్ల బడిపిల్లల్లో వందకు ఎనిమిది మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని 2019 జాతీయ సర్వేలో తేలింది. ఇంకా మీసం కూడా రాని వయసు!

దీన్ని ఆపవచ్చని ఢిల్లీ, చెన్నైలలో 2004 నుంచి రెండేళ్లు నడిచిన 'మైత్రి' కార్యక్రమం చూపించింది. 32 బడులను ఎంచుకున్నారు. కొన్నింటిలో కార్యక్రమం నడిపి, మిగతావాటితో పోల్చి చూశారు. పాడైన ఊపిరితిత్తుల బొమ్మ చూపి భయపెట్టడంతో సరిపెట్టలేదు. తరగతిలోని పిల్లలే నాయకులై ఆటలు ఆడించారు, చర్చలు నడిపారు. తల్లిదండ్రులకు పోస్టుకార్డులు వెళ్లాయి. కార్యక్రమం లేని బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరిగింది. ఉన్నచోట 17 శాతం తగ్గింది. ఆ వయసులో మాస్టారి హెచ్చరిక కన్నా పక్క బెంచీ మాటకే బలమెక్కువ. ఆ బలాన్ని మంచికి వాడుకున్నారు, అదీ నాకు నచ్చిన సంగతి.

కానీ లోపల ఎంత నేర్పినా, గేటు దాటగానే బడ్డీకొట్టులో విడి సిగరెట్ దొరికితే ఏం లాభం? బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని, 18 ఏళ్లు నిండనివారికి అసలే ఇవ్వకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది.

అమ్మలారా, నాన్నలారా, ఈరోజు పిల్లల్ని బడి దగ్గర దింపినప్పుడు ఆ 100 గజాలూ ఒకసారి నడిచి చూడండి. పొగాకు అమ్మే కొట్టు కనిపిస్తే హెడ్మాస్టారికి చెప్పండి.