స్మారకదర్శనము

విగ్రహారాధనమును నిరసించిన మహాపురుషుని విగ్రహమును చూచుటకై సముద్రములు దాటి పోవుట యుక్తమా? ఈ ప్రశ్న ఇంటనున్నంతకాలము మాకు పుట్టలేదు. ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున పుట్టినది.

రాజా రామమోహనరాయలవారు 1831 లో ఆ దేశమునకు పోయి, 1833 సెప్టెంబరు 27 వ తేదిని బ్రిస్టలు చెంతనున్న స్టేపుల్టనునందు కాలధర్మము నొందిరి. మొదట అచ్చటి తోటలోనే, మతకర్మ లేవియు లేక, మౌనముగా వారిని భూస్థాపితము చేసిరి. పదియేండ్లకు ద్వారకానాథ ఠాకూరుగారి పూనికచే ఆ శరీరమును ఆర్నోస్ వేల్ శ్మశానవాటికకు మార్చి, పైని హిందూదేశపు తీరున రాతిమండపము కట్టించిరి. బ్రిగ్సు అను చిత్రకారుడు వ్రాసిన రాయలవారి పటము నగరపు మ్యూజియమునకు చెందినది. 1997 లో నగరమధ్యమున విగ్రహమును గూడ నిలిపిరి.

ఇక కలకత్తా బ్రహ్మసమాజ మందిరమునకు 1830 లో వ్రాయబడిన ధర్మకర్తృత్వపత్రమును తలచుకొందము. ఆ మందిరములోనికి ప్రతిమగాని, చెక్కడముగాని, ఎవరి పటముగాని రానీయరాదని దానియందు స్పష్టముగా నున్నది. ఆ పత్రమును వ్రాసి యిచ్చినవారిలో రాయలవా రొకరు.

మండపముకడ మేమెరుగకయే పాదరక్షలు విడిచి చేతులు జోడించితిమి. వెంటవచ్చిన మిత్రుడు "ఏమండీ, ఇదేమి పూజ?" అని నవ్వెను. "పూజ కాదు, గౌరవము" అంటిమి. ఆ మాట నోట వెడలినతోడనే మా తల్లిగారు స్మరణకు వచ్చిరి. మా తండ్రిగారు గతించిన పిమ్మట ఆమె ప్రతిదినమును వారి పటమునకు రెండు నందివర్ధనపు పూవులు పెట్టుచుండెడివారు. "అమ్మా, కాగితమునకు పూజ యేమి?" అని మేము సంస్కరణాభిమానముతో ఆక్షేపించితిమి. ఆమె వాదింపలేదు. మరునాటినుండి పూవులు కనబడలేదు.

గౌరవమునకును పూజకును భేదము లేదని మే మనము. ప్రతిమ వరము లీయగలదని నమ్ముట వేరు, గతించినవారి ఋణమును తలచుట వేరు. రాయలవారు నిరసించినది మొదటిదానిని. కాని ఆ భేదము మనస్సులో నుండునే గాని చేతులలో నుండదు; చూచువారికి రెండును నొక్కటే. మా చేతులనుగూర్చి క్షణములో దొరకిన సమాధానము మా తల్లిగారి చేతులనుగూర్చి యేల తోచలేదు? రాయలవారు దేహాంతమువరకు యజ్ఞోపవీతమును విడువలేదు. అందులకు కారణములు వెదకి మనమందరమును వారిని సమర్థించుచుందుము. పెద్దవారియందైన కారణములు, ఇంటివారియందైన మూఢత్వము! స్త్రీ తన మనస్సును తానెరుగదని పలికినవారితో జీవితాంతము పోరాడిన మహనీయుని సమాధిముందర ఈ సంగతి తెలియవచ్చుట మాకు మిక్కిలి సిగ్గును గలిగించినది. సహగమనమును నిషేధించిన 1829 నాటి శాసనముపై ఛాందసులు పెట్టుకొన్న మనవి 1832 లో ప్రీవీకౌన్సిలునందు త్రోసివేయబడునప్పుడు ఆయన ఆ దేశముననే యుండిరి.

ఇంటికి వచ్చి మండపపు ఛాయాపటమును మా తల్లిగారికి చూపితిమి. ఆమె దానిని కన్నులకద్దుకొని, పిదప "ఎవరిది నాయనా?" అని యడిగిరి. చెప్పితిమి. పూవులమాట మాత్రము ఆమెయెదుట ఇంతవరకు ఎత్తజాలకున్నాము.