పరుగెత్తువారు లేని ఇల్లు



ఒక ఇంటిలో బిడ్డకు అరుదైన వ్యాధి వచ్చినది. వైద్యమునకు కావలసిన ధనము ఆ ఇంటివారి తరము కాదు. అప్పుడు మేనమామయో, పెదనాన్న కుమారుడో ముందుకు వచ్చి, "నేను మారథాన్ పరుగెత్తుతాను, మీకు తోచినంత ఇవ్వండి" అని బంధుమిత్రులను అడుగుచున్నాడు. ముంబయిలో 2004 నుండి జరుగుచున్న మారథాన్‌లో అనేకులు ఏదో ఒక సత్కార్యమునకు విరాళములు పోగుచేయుచు పరుగెత్తుచున్నారు గనుక ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. అయితే ఇందులో ఒక ప్రశ్న ఉన్నది. ఒకరు 42 కిలోమీటర్లు పరుగెత్తినందువలన రోగి దేహములో ఏ మార్పూ రాదు. అవసరము నిజమైనదైతే పరుగు లేకుండానే ఇవ్వవలెను గదా? పరుగును చూచి ఇచ్చినయెడల, మనము రోగికి ఇచ్చుచున్నామా, వేడుకకు ఇచ్చుచున్నామా?

జరిగిన సంగతి ఒకటి చూద్దాము. ఇంగ్లండులో లీడ్స్ జట్టు తరఫున రగ్బీ ఆడిన రాబ్ బరో గారికి 2019 డిసెంబరులో మోటార్ న్యూరాన్ వ్యాధి ఉన్నట్లు తెలిసినది. కండరములను ఆడించు నాడీకణములు క్రమముగా నశించి, నడక, మాట, మింగుట, చివరకు ఊపిరి కూడ కష్టమగు వ్యాధి అది. దానిని పూర్తిగా నయము చేయు మందు నేటికిని లేదు. ఆయనతో కలిసి ఆడిన కెవిన్ సిన్‌ఫీల్డ్ గారు 2020 డిసెంబరులో ఏడు రోజులలో ఏడు మారథాన్‌లు పరుగెత్తినారు. 77,777 పౌండ్లు రావలెనని తలంచగా, 20 లక్షల పౌండ్లకు పైగా వచ్చినవి. 2023 మే నెలలో, లీడ్స్ మారథాన్‌లో, ఆయన తన స్నేహితుని చక్రాల కుర్చీని త్రోయుచు పరుగెత్తి, చివరి గీత దగ్గర చేతులతో ఎత్తుకొని దాటించినారు. 2024 జూన్‌లో బరో గారు కన్నుమూసినారు.

పరుగు ఆయనను బ్రతికించలేదు. అయినను అది వ్యర్థమని మేము అనలేము. వచ్చిన ధనము అదే వ్యాధితో బాధపడు ఇతరులకు ఉపయోగపడినది. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. రోగి బాధను మనము పంచుకొనలేము. మన ఊపిరిని ఇంకొకరి రొమ్ములో పెట్టలేము. అట్టి స్థితిలో మనిషి తనకు చేతనైన కష్టమును తనంతట తాను ఎత్తుకొనును. "నీవు ఒంటరివి కావు" అని నోటితో చెప్పుట సులభము. కాళ్లతో చెప్పుట కష్టము.

అడుగుట కూడ కష్టమే. కోలారు గనులకు, బొంబాయి మిల్లులకు బ్రతుకుతెరువు కొరకు వచ్చిన మన పెద్దలలో, పస్తుండియైనను పరాయివారి ముందు చేయి చాచనివారు ఎందరో ఉండిరి. పరుగు అట్టివారికి ఒక మార్గము చూపుచున్నది. అడుగువాడు తాను కూడ ఏదో ఇచ్చి అడుగుచున్నాడు గనుక తల వంచుకొననక్కరలేదు. గనుక అది వేడుక కాదు, కూలి కూడ కాదు. మాటకు పెట్టిన పూచీ.

అయితే మన మనస్సును కలవరపెట్టవలసిన సంగతి వేరొకటి. పరుగెత్తువారు లేని ఇంటి మాట ఏమిటి?

స్పైనల్ మస్కులర్ అట్రోఫీ అను వ్యాధి పసిబిడ్డల కండరములను బలహీనపరచును. దాని కొరకు 2019లో అమెరికాలో అనుమతి పొందిన జన్యు చికిత్స మందు ఒక్క మోతాదు ధర మన రూపాయలలో సుమారు 16 కోట్లుగా ఉండెడిది. మన దేశములో కొందరు తలిదండ్రులు ప్రజలను అర్థించి ఆ ధనము కూర్చగలిగినారు. వారిని మేము తప్పుపట్టము. బిడ్డ కొరకు ఎవరైనను అట్లే చేయుదురు. కాని పదిమంది కంటపడిన బిడ్డకు మందు దొరికినది. తండ్రి దినకూలియై, తల్లికి ఆ ఊరి భాష రాక, అడుగుటకు మనుష్యులే లేని ఇంటి బిడ్డ సంగతి ఎవరికి తెలియును? ఇద్దరి ప్రాణములకు విలువ ఒక్కటే. పరిచయములు మాత్రము ఒక్కటి కావు.

కావున జాలి మాత్రమే చాలదు. న్యాయము కూడ కావలెను. 2021లో కేంద్ర ప్రభుత్వము అరుదైన వ్యాధుల జాతీయ విధానమును ప్రకటించి, 2022లో ఒక్కొక్క రోగికి సహాయమును 50 లక్షల వరకు పెంచినది. దీనికొరకు గుర్తించిన వైద్య కేంద్రములు బెంగుళూరు, చెన్నై, ముంబయి, హైదరాబాదులలో ఉన్నవి. ఈ సంగతి తెలియని ఇంటికి వెళ్లి తెలియజేయుట, దరఖాస్తు వ్రాసిపెట్టుట, తోడు వెళ్లుట కూడ ఒక పరుగే. అంతేకాదు, అదే వ్యాధికి ప్రతిదినము త్రాగవలసిన రిస్డిప్లామ్ అను మందు సీసా ఒక్కటి ఆరు లక్షలకు పైగా ఉండెడిది. పేటెంటు వివాదములో 2025లో న్యాయస్థానములు అడ్డు చెప్పనందున, హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ దానిని 15,900 రూపాయలకు తెచ్చినది. ఆ ధర తగ్గుట పరుగెత్తువారు ఉన్న ఇంటికిని, లేని ఇంటికిని సమానముగా అందినది. ఎన్ని మారథాన్‌లు కలిసినను చేయలేని పని అది.

అట్లని పరుగును మానుమని మేము చెప్పము. న్యాయము వచ్చువరకు బిడ్డ ఆగలేదు. పరుగెత్తువాడు మీ యింటికి వచ్చినప్పుడు సంతోషముగా ఇవ్వండి. లెక్క అడగండి, లెక్క అడుగుట అనుమానము కాదు, మర్యాదయే. అవసరమునకు మించి వచ్చినది ఎవరికి చేరునో ముందుగానే తెలిసికొనండి. బిడ్డ ముఖమును వీధి వీధికి చూపక, వ్యాధి పేరు చెప్పి అడుగుట మేలు. ఆ బిడ్డ రేపు పెద్దయగును.

మన తల్లులు పూటపూటకు అన్నము వండునప్పుడు పిడికెడు బియ్యము తీసి వేరే కుండలో వేసెడివారు. ఆ బియ్యము ఎవరి కొరకో వారికి తెలియదు. వారి కొరకు ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెలిసిన ముఖము కొరకు ఇచ్చుట ప్రేమ. తెలియని ముఖము కొరకు ప్రతిదినము కొంత తీసిపెట్టుట కూడ ప్రేమయే. దానికి ఓపిక ఎక్కువ కావలెను. పరుగునకు వంద రూపాయలు ఇచ్చిన దినమున, పరుగెత్తువారు లేని ఇంటికి పది రూపాయలు కుండలో వేయుదము.