సమ్మతి యెవరిది?

మనిషి కణాల్లోని జన్యువును మార్చవచ్చునా అని అడిగితే మన మిత్రుల్లో కొందరు వెంటనే ప్రకృతి ధర్మాన్ని గుర్తు చేస్తారు. ఆ ధర్మం పాతబస్తీలో యెలా నడుస్తుందో వారు చూడాలి. లాడ్ బజారుకు లక్కగాజులు చేసే కార్మికుని యింట థలసీమియా బిడ్డ పుట్టాడనుకోండి. రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం యెక్కించాలి. యెక్కించిన రక్తంతో వచ్చిన యినుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని తీయటానికి మళ్ళీ మందులు. ఆసుపత్రికి వెళ్ళిన రోజు తండ్రికి కూలి లేదు. ప్రకృతి చేసిన తప్పును దిద్దటం పాపమని ఆ తండ్రితో అనగలవారు యెవరు?

శాస్త్రం చెప్పేది అద్భుతంగానే వుంది. తల్లి గర్భంలో వుండగా మనందరి రక్తంలో వేరొక హిమోగ్లోబిన్ వుంటుంది. పుట్టిన కొద్ది నెలలకు బిసిఎల్ 11 ఎ అనే జన్యువు దాన్ని నిద్రపుచ్చుతుంది. రోగి మూలకణాలను బయటికి తీసి, యెర్రకణాల్లో ఆ జన్యువును పనిచేయించే చోట క్రిస్పర్ కత్తెరతో కత్తిరించి తిరిగి శరీరంలోకి పంపితే, నిద్రపోయినది మేలుకుంటుంది. అంతకుముందు తీవ్రమైన మందులతో మజ్జను ఖాళీ చెయ్యాలి. సంతానశక్తికీ ముప్పు వుంది. యీ చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్ మొదటగా అనుమతించింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. బాక్టీరియా తన శత్రువును నరకటానికి వాడుకునే ఆయుధానికి యింత వెల కట్టగలగటం పెట్టుబడికే చెల్లింది!

2018లో చైనా శాస్త్రజ్ఞుడు హ జియాంకుయి పిండాల జన్యువులనే మార్చి కవలలను పుట్టించినట్లు ప్రకటించాడు. లోకం ఖండించింది, న్యాయమే. తరతరాలకు సంక్రమించే ఆ మార్పుకు పుట్టబోయేవారి సమ్మతి యెవరూ తీసుకోలేరు. రక్తకణాల మార్పు అలాంటిది కాదు, ఆ రోగితోనే ఆగిపోతుంది. కనుక యిక్కడ సమ్మతి సమస్య తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. నాకు అక్కడే అనుమానం.

2025 నవంబరులో ఢిల్లీలోని ఐజిఐబి సికిల్ సెల్ వ్యాధికి రూపొందించిన దేశీయ చికిత్సను ప్రభుత్వం బిర్సా 101 పేరిట ప్రకటించింది. (మందుకు బిర్సా ముండా పేరు పెట్టటం సులువు, అది ఆయన ప్రజలకు అందటం వేరే సంగతి.) యిలాంటివి రావాలి, చవకగా రావాలి. కాని యే కొత్త చికిత్సకైనా ముందు పరీక్షలు జరగాలి; వాటికి శరీరాలు కావాలి. రేపు థలసీమియాకు అలాంటి పరీక్ష మొదలై ఆ గాజుల కార్మికుని ముందు కాగితం పెడితే, అది ఆయనకు వచ్చిన ఉర్దూలోనే వున్నా, ఆయన దేన్ని చూసి సంతకం చేస్తాడు? కత్తెర గురి తప్పే ప్రమాదాన్ని తూచి చేస్తాడా, వచ్చే వారం రక్తం దొరుకుతుందో లేదోనన్న భయంతో చేస్తాడా? రెండవదైతే దాన్ని స్వేచ్ఛా సమ్మతి అని నేను అనలేను. ఆయన కాదన్నా బిడ్డకు రక్తం, మందులు ఉచితంగా అందుతాయని ముందు రాసి యివ్వాలి. ఆ తర్వాత కాగితం చాపండి.